మౌనం బూర

మా మేనకోడలు లోవలక్ష్మి ఒకరోజు పొద్దున్నే నా మైకుసెట్ల షాపుకొచ్చి, పాత బూర ఏదన్నా ఉంటే ఇమ్మంది. కాలేజీలో ఏదో ఫంక్షన్ అనుకుని కొత్తదే పట్టుకెళ్లమన్నాను. కొత్తది వద్దంది. బాగా అరిచి అరిచి అలిసిపోయినది కావాలంది.

"అలాంటిది మీ అమ్మ ఒకత్తి ఉండేది. పాపం, అదీ పోయింది," అన్నాను. తమ్ముణ్ణి కదా, మా అక్కని ఆమాత్రం అనే హక్కు నాకుంది.

కాకినాడ జగన్నాథపురంలో మైకుసెట్టు కావాలంటే ఎవరైనా నా పేరే చెబుతారు. నూకరాజు మైకులు. పదో తరగతి తప్పాక ఈ వ్యాపారంలో దిగాను. మిగతా షాపులవాళ్లు మైకు సరిచూసుకోవడానికి "హలో, హలో" అని వదిలేస్తారు. నేను అలా వదలను. "పెళ్లికొడుకు బాబాయిగారు మొదటి బంతిలో భోంచేసి, రెండో బంతిలో కూర్చుని, మూడో బంతికి చెయ్యి కడుక్కుంటున్నారు, వంటవాళ్లు గమనించగలరు," అంటాను. పందిరంతా గొల్లుమంటుంది. ఆ బాబాయిగారు కూడా నవ్వుతాడు, ఏం చేస్తాడు మరి. నా కోసమే నా మైకు పెట్టించుకునేవాళ్లున్నారు. ఇంట్లోనూ అంతే. మా ఆవిడ అచ్చియ్యమ్మ బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే రబ్బరు బల్లి తగులుతుంది. పంచదార డబ్బాలో ఉప్పుంటుంది. ఆవిడ నవ్వదు. "పెద్దయ్యారు, ఇంకా ఈ కోతివేషాలేంటండీ," అని ఆ బల్లిని తోకపట్టుకుని కిటికీలోంచి పారేస్తుంది. నేను మళ్లీ ఏరుకొస్తాను.

లోవ ఫిజిక్సు లెక్చరరు. మొగుడికి పోర్టులో షిఫ్టు డ్యూటీ, ఇద్దరు పిల్లలు. పొద్దున్న క్యారేజీలు, తర్వాత క్లాసులు, సాయంత్రం పిల్లల హోంవర్కు, ఆ పైన కాలేజీవాళ్ల పేపర్లు. ఎవరో డాక్టరమ్మ రోజుకి కాసేపు కళ్లు మూసుకుని కూర్చోమని చెప్పిందట. దాని బాధేమిటో షాపులో బూరలమధ్య కూర్చుని చెప్పింది.

"టైం దొరక్కపోడం కాదు మావయ్యా. దొరికిన కాసేపు కూడా కళ్లు మూసుకోగానే లోపల సంత మొదలవుద్ది. ఎవరేమన్నారు, ఎవరికేం ఇచ్చారు, నాకెందుకివ్వలేదు. ఆ సంత సర్దుకునేలోపు కుక్కర్ కూత పెట్టేత్తంది."

అందుకని అది ఒక యంత్రం కట్టింది. కాలేజీవాళ్లు గది ఇవ్వకపోతే నా షాపు వెనక గోడౌనులో పెట్టుకోమన్నాను. పేము కుర్చీ ఒకటి. దాని పైన, కూర్చున్నవాళ్ల తల మీదకి టోపీలా వచ్చేలా, నా పాత అల్యూమినియం బూర తలకిందులుగా వేలాడదీసింది. బూర లోపల వెంట్రుకంత సన్నని రాగితీగ చుట్టలు చుట్టలుగా పరిచింది. పక్కనే నా పాత ఆంప్లిఫయరు, దాని మీద గోల ఎంతుందో చూపించే ముల్లు.

నాకర్థమయ్యేలా అడిగితే రెండు ముక్కల్లో చెప్పింది. బుర్రలో గోల కూడా కరెంటు లాంటిదేనట. ఎక్కువైన కరెంటుని ఎర్తు తీగతో భూమిలోకి దించేస్తాం కదా, దీన్నీ అలాగే దించేస్తే మిగిలేది మౌనమేనట. మునులు ఏళ్ల తరబడి కూర్చుని సంపాదించేది చాయ్ తాగినంతసేపట్లో వచ్చేస్తుందట.

ఎర్తు పని నాది. గోడౌను వెనక గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ వేసి, ఇనపకడ్డీ దింపి, కిటికీలోంచి తీగ లాక్కొచ్చి కట్టాను. మాది ఇసక నేల. నీళ్లు పోసింది పోసినట్టే పీల్చేసుకుంటుంది. గొయ్యి ఆరిపోతే ఎర్తు పనిచెయ్యదు. అందుకని లోవ లోపల కూర్చున్నంతసేపూ నేను బయట గొయ్యి పక్కన స్టూలేసుకుని, మగ్గుతో కాసిని కాసిని నీళ్లు పోస్తూ ఉండాలి. యోగం దానిదీ, నీళ్ల మోత నాదీ అన్నమాట.

మొదటిరోజు అది లేచి బయటకొచ్చినప్పుడు దాని మొహం చూసి నేను మగ్గు పక్కన పెట్టేశాను. వాన వెలిశాక పెరడు ఎలా ఉంటుందో అలా ఉంది. చిన్నప్పుడు నా భుజమ్మీదెక్కి తీర్థంలో రంగులరాట్నం చూసిన పిల్ల మళ్లీ కనపడింది. మావయ్యా, ఎంత బావుందో, అని ఒక్కమాట అని, గోడకి ఆనుకుని ఊరికే నిలబడింది. ఏ పనీ లేకుండా అది నిలబడగా చూడడం అదే మొదలు.

నాకు మాత్రం గుండెల కింద మండింది. ముందురోజు పెళ్లిలో తిన్న పులిహోర అనుకున్నాను. వాము నమిలాను. తగ్గలేదు.

మర్నాడు లోవ మళ్లీ కూర్చుంది. ఆ మర్నాడూ. దాని మొహం తేటపడుతున్నకొద్దీ నా మంట పెరిగింది. చిత్రమేమిటంటే, ఆ మంటకి ఒక కిటికీ ఉంది. నవ్వకండి. మా ఇంటికి కావలసినన్ని కిటికీలున్నాయి, సముద్రం గాలికి తలుపులు టపాటపా కొట్టుకుని చస్తున్నాం. అయినా నాకో కిటికీ లేదని, ఇంకెవరికో ఉందని, అన్నం దగ్గర కూర్చుంటే కన్నీళ్లొచ్చేవి. కిటికీ బయట వేపచెట్టు, దాని మీద ఉడత కూడా కనబడేవి. ఉడత మీద కూడా కుళ్లొచ్చింది నాకు.

అసూయంటే నాకు తెలీక కాదు. రోజూ పెళ్లిళ్లలో చూసేదేగా. అటువాళ్ల పట్టుచీర అంచుని ఇటువాళ్లు రెండువేళ్లతో పట్టి చూసే చూపు నాకు బాగా తెలుసు. దాని మీదే సగం జోకులేస్తాను. కానీ అది నాలోకి ఎప్పుడూ రాలేదు. పక్కషాపువాడు డీజే బాక్సులు కొంటే నేనే వెళ్లి కొబ్బరికాయ కొట్టి, మొదటి పాట పెట్టి, అతని అత్తగారి పేరున అంకితమిచ్చి వచ్చాను.

ఈలోగా లోవ వాళ్లత్తని కూడా కూర్చోమంది. అచ్చియ్యమ్మ పొయ్యి మీద పాలున్నాయని వంక పెట్టింది. పాలు దింపితే బట్టలంది. బట్టలారేస్తే, ఎవరైనా వస్తారేమోనంది.

"కూర్చోవే, నీ బుర్రలో చింతపండు ధర తప్ప ఏముంది. యంత్రానికి కూడా విశ్రాంతి," అన్నాను.

ఆవిడ నావైపు ఒక చూపు చూసి, చేతులు కొంగుకి తుడుచుకుని, కుర్చీ అంచున కూర్చుంది. బస్సులో చోటిచ్చినవాడు మళ్లీ లేపేస్తాడేమోనన్నట్టు కూర్చుంది. లోవ మీట నొక్కింది. నేను కిటికీలోంచి తొంగిచూశాను. ఆంప్లిఫయరు మీది ముల్లు లేచి లేచి చివరిదాకా వెళ్లి, అక్కడ కొట్టుకుంటోంది. ముల్లు పాడైందని నేను, అంతే అయ్యుంటుందని లోవా అనుకున్నాం. మా ఆవిడ బుర్రలో అంత గోల ఉంటుందని ఎవరనుకుంటారు. ఇంట్లో గట్టిగా తుమ్మనైనా తుమ్మదు.

నేను నా స్టూలు మీదకెళ్లి నీళ్లు పోస్తూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో సన్నగా కూనిరాగం వినపడింది. రేడియో అనుకున్నాను. వంటింట్లో అచ్చియ్యమ్మ. పెళ్లయిన ఇన్నేళ్లకి ఆవిడకి గొంతుందని తెలిసింది. మురిసిపోవలసినవాణ్ణి. అలాంటిది అద్దం ముందు గడ్డం గీసుకుంటూ నా మొహం నేను చూసుకుంటే, ఒళ్లు మండిపోయింది. ఎవడివిరా నువ్వు, నీకెందుకురా అంత నవ్వు, అనిపించింది. మీసాలు చూసి కుళ్లు. పళ్లు చూసి కుళ్లు. నా మీద నాకే అసూయ. ఇదేం రోగమో నాకర్థం కాలేదు. ఎవరికి చెప్పుకోను. డాక్టరు దగ్గరకెళ్లి, అద్దంలోవాడు నాకంటే సుఖంగా ఉన్నాడండీ అని చెబితే మందిస్తాడా.

గుట్టు రట్టయింది పెళ్లిలోనే.

లోవ కాలేజీలో పనిచేసే ఒకాయన కూతురి పెళ్లి. మైకు మనదే. పందిరి నిండా లెక్చరర్లు. మైకు సరిచూస్తున్నాను, జనం నావైపు తిరిగి నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. నోరు తెరిచాను. బాబాయిగారి బంతుల జోకు రావాలి. రాలేదు.

"ఆ ప్రమీలారాణికేం," అన్నాను మైకులో. "నా తరవాత చేరింది. నా నోట్సు పట్టుకెళ్లి పాఠం చెప్పింది. కిటికీ ఉన్న గది దానికి, మెట్ల కింద కొట్టు నాకూను. దాని కిటికీలోకి ఉడత కూడా వస్తది."

ప్రమీలారాణి ఎవరో నాకు తెలీదు. ఆ పేరు నా నోట్లోంచి రావడం నేనూ అప్పుడే విన్నాను. జనం ఇదేదో కొత్తరకం అనుకుని పడీపడీ నవ్వారు. రెండో వరసలో లావుపాటి ఫ్రేము కళ్లజోడావిడ మాత్రం పాలిపోయింది. ఆవిడ పక్కన మా లోవ కూర్చుని ఉంది. దాని చేతిలో అక్షింతలు కిందికి జారిపోతున్నాయి.

అది నన్ను చెయ్యి పట్టుకుని గోడౌనుకి లాక్కొచ్చింది. తలుపేసి, ఆ సంగతి నీకెవరు చెప్పారని అడిగింది. ఎవరూ చెప్పలేదన్నాను. ఆ కిటికీ మాట అది మొగుడితో కూడా అనలేదట. అనడానికి సిగ్గేసిందట. పీహెచ్‌డీ చేసినదాన్ని, ఉడత కోసం ఏడుస్తున్నానని ఎవరికి చెప్పుకోను, అంది.

కిటికీలోంచి ఎర్తు గొయ్యివైపు చూసింది. గొయ్యి పక్కన నా స్టూలు, స్టూలు మీద నా మగ్గు. చాలాసేపు చూసింది.

"మట్టికి మనసు లేదు మావయ్యా," అంది చివరికి. "మనసులోది మట్టిలోకెలా దిగుద్ది. తీగ చివర ఏ మనసు దగ్గరగా ఉంటే దాంట్లోకి దిగింది. నేను ఖాళీ చేసిందంతా నీలో పోశాను."

నేను తేలిగ్గా తీసెయ్యబోయాను. బుర్ర ఖాళీగా ఉందని అద్దెకిచ్చాననుకో, అన్నాను. అది నవ్వలేదు. మనది మనలో ఉంటే ఎప్పటికో అరుగుతుందట. ఎందుకొచ్చిందో మనకి తెలుసు కాబట్టి. ఇంకొకరిది మనలో పడితే అరగదట. ఎవరిది ఏది దిగిందో చెప్పమంది, ఎవరిది వాళ్లకి వెనక్కి పంపే దారి చూస్తానంది.

అప్పుడు తెలిసింది నాకు, అద్దంలోవాడి మీద కుళ్లు ఎవరిదో.

కళ్లు మూసుకుని చూశాను. కిటికీ పక్కకి జరిగింది. దాని వెనక ఇంకో బొమ్మ ఉంది. రెండు చేతులూ మణికట్టుదాకా మినప్పిండిలో ఉన్నాయి. గాజులకి పిండి అంటుకుంది. దూరంగా, ఇళ్లకప్పుల మీదుగా, బూరలోంచి నా గొంతు. ఏదో జోకు. మాట సరిగ్గా వినపడదు, చివర జనం నవ్వే నవ్వు మాత్రం వినపడుతుంది. పక్కింట్లో నవ్వుతున్నారు, వీధిలో నవ్వుతున్నారు. పిండి చేతుల మనిషికి పాలు చూసుకోవాలి, నీళ్ల మోటారు కట్టెయ్యాలి, రబ్బరు బల్లి ఎక్కడుందో వెతకాలి. ఇంట్లో ఒకడు అంత నవ్వాలంటే, నవ్వకుండా ఒకరుండాలి. ఆయనకేం, అనుకుంటుంది ఆ మనిషి. ఒక్కరోజు ఆయనలా ఉంటే ఎలా ఉంటుందో, అనుకుంటుంది. అనుకుని పిండి కలుపుతుంది.

నా గొంతు అంత దూరం నుంచి ఎలా వినపడుతుందో నాకెప్పుడూ తెలీదు. నేనెప్పుడూ మైకు దగ్గరే ఉంటాను కదా.

లోవకి కిటికీ సంగతొక్కటే చెప్పాను.

యంత్రం ఆపేద్దామని అది అనుకుంటూ ఉండగా హైదరాబాదు నుంచి వంశీధర్‌గారు దిగారు. పెద్ద పెద్ద అపార్టుమెంట్లు కట్టే మనిషి. లోవ ఎప్పుడో రాసిన వ్యాసం ఎక్కడో చూశారట. ప్రతి అపార్టుమెంటులోనూ ఒక మౌనం గది పెట్టిస్తానన్నారు. తెల్లబట్టలు, మెత్తటి మాట. ఏటా పది రోజులు ఏ కొండల్లోనో ఆశ్రమంలో మాట్లాడకుండా కూర్చునొస్తారట. కానీ అంత టైం అందరికీ ఎక్కడుంటుందండీ, అన్నారు.

లోవ ఏదీ దాచలేదు. గోల భూమిలోకి పోదని, పక్కనున్న మనిషిలోకి దిగుతుందని, తన మేనమామలోకి దిగిందని చెప్పింది.

ఆయన కాస్త ఆలోచించారు. "ప్రతి అపార్టుమెంటుకీ వాచ్‌మన్ ఎలాగూ ఉంటాడు కదమ్మా," అన్నారు. "ఖాళీగా కూర్చునే ఉంటాడు. ఆ స్టూలేదో అక్కడే వేద్దాం."

తరవాత లోవకి హైదరాబాదులో లాబ్ కట్టిస్తామన్నారు. ఒక గోడ మొత్తం అద్దమేనట, ఎదురుగా చెరువట.

లోవ రాగితీగ ముక్కొకటి వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. అది ఒప్పుకుంటుందని కాదు, వెంటనే కాదనలేకపోతోందని నాకు తెలిసింది. ఆ కిటికీ కోరిక నాలో కూడా ఉంది కదా, అది ఎంత లాగుతుందో దానికంటే నాకే బాగా తెలుసు.

రేపొచ్చి యంత్రం పనిచెయ్యడం చూస్తానన్నారు ఆయన. తను కూర్చోరట, ముందు డ్రైవరుని కూర్చోబెట్టి చూస్తారట.

ఆ డ్రైవరు పేరు యాదయ్య. షాపు ముందు చాయ్ తాగిస్తూ కదిపాను. సారు ఆశ్రమానికెళ్తే నువ్వేం చేస్తావయ్యా అని అడిగాను.

"గేటు బయట కార్ల కూసుంట," అన్నాడు. "పది దినాలు. ఫోన్ మాట్లాడొద్దంటరు, లోపల డిస్టర్బ్ అయితదట."

మర్నాడు నేను పొద్దున్నే గొయ్యి పక్కన శుభ్రంగా ఊడ్చాను. స్టూలు తీసేసి, పెళ్లికొడుకు కూర్చునే ఎర్రమఖమల్ కుర్చీ వేశాను. లోవ లోపల యాదయ్యని బూర కింద కూర్చోబెట్టి తీగలు సర్దుతోంది. వంశీధర్‌గారికి చెమటలు పడుతున్నాయి. లోపల బాగా ఉక్కండీ, వెనకవైపు సముద్రం గాలి వస్తుంది, కొబ్బరిబొండం కొట్టిస్తాను, అని తీసుకెళ్లి ఆ కుర్చీలో కూర్చోబెట్టాను. బొండం చేతికిచ్చాను. మగ్గుతో గొయ్యి బాగా తడిపాను. నేను మాత్రం వీధి చివర మలుపుదాకా వెళ్లి నిలబడ్డాను.

తిరిగొచ్చేసరికి బొండంలో నీళ్లు సగం అలాగే ఉన్నాయి. వంశీధర్‌గారు కుర్చీ అంచుకి జరిగి కూర్చుని ఉన్నారు. సందు చివర ఆగిన తన కారుని, ఇంకెవరి కారునో చూసినట్టు చూస్తున్నారు. కాసేపటికి తన చెప్పుల వైపు చూసుకున్నారు. అంత ఖరీదు చెప్పులు తొడుక్కున్నవాడెవడో వాడి మీద పళ్లు కొరుకుతున్నారు.

పగలబడి నవ్వుదామని సిద్ధపడే వచ్చాను. ఆ మొహం చూశాక నవ్వు రాలేదు. అది నా గడ్డం గీసుకునే అద్దంలో నేను రోజూ చూస్తున్న మొహమే.

లోవ బయటకొచ్చి కుర్చీ చూసింది, నన్ను చూసింది.

"ఇది నవ్వులాట కాదు మావయ్యా," అంది.

"నేను నవ్వట్లేదే," అన్నాను.

యాదయ్య మెల్లగా వచ్చి, ఎండలో కళ్లు చికిలిస్తూ ఆకాశం చూస్తున్నాడు. లోవ అతనికి జరిగిందంతా విడమరిచి చెప్పి, ఇప్పుడు సార్ బూర కింద, నువ్వు బయట కూర్చుంటే నీది నీకు వెనక్కొచ్చేస్తుంది, సార్ తేలికపడతారు, నీ ఇష్టం అంది. యాదయ్య వాళ్ల సారు వైపు చూశాడు. జాలిగానే చూశాడు.

"హైదరాబాదు పోయేదాక ఉంచుకోనీ మేడం," అన్నాడు. "ఆడికి పోయినంక ఇద్దరం మాట్లాడుకుంటం."

వంశీధర్‌గారు బొండం కింద పెట్టి లేచారు. నడిచివెళ్లి కారులో ముందు సీట్లో కూర్చున్నారు. కారు కదిలేటప్పుడు చూస్తే, అద్దంలోంచి ఖాళీగా ఉన్న వెనకసీటునే చూస్తున్నారు. ఆ తరవాత మౌనం గదుల గురించి ఆయన నుంచి కబురు లేదు.

లోవ నన్ను వారం రోజులు తిట్టింది. తిట్టాక నన్ను బూర కింద కూర్చోబెట్టి, తను వెళ్లి గొయ్యి పక్కన స్టూలు మీద కూర్చుంది. ఎవరిది వాళ్లని వెతుక్కుంటుందట, మందలో దూడ తల్లిని వెతుక్కున్నట్టు. అలాగే జరిగింది. నాలోంచి కిటికీ పోయింది, వేపచెట్టు పోయింది, ఉడత తోక ఊపుకుంటూ పోయింది. బయట స్టూలు మీద లోవ కాసేపు తల వంచుకుని ఏడ్చింది. ఆ తరవాత ముక్కు చీదుకుని, రేపెళ్లి ప్రమీలారాణితో మాట్లాడతానంది. మాట్లాడిందట కూడా. సోమ, బుధవారాలు ఆ గది దీనికి, మిగతా రోజులు ఆవిడకి.

లోపలికొచ్చి ముల్లు చూసింది. అది ఇంకా కిందకి దిగలేదు.

"ఇంకా ఏదో ఉంది. ఇదెవరిది మావయ్యా."

"నాదే. పక్కషాపువాడి డీజే బాక్సుల మీద."

నేను అబద్ధమాడితే దానికి తెలుస్తుంది. చిన్నప్పటి నుంచీ తెలుస్తుంది. గోడ అవతల మా వంటింట్లోంచి కూనిరాగం వస్తోంది. ఎక్కడో చరణం మర్చిపోయి, మళ్లీ మొదటికెళ్లి అందుకుంటోంది. లోవ అటు చూసింది. అత్తని పిలిచి ఆ స్టూలు మీద కూర్చోబెడితే ముల్లు పడిపోతుంది. నా జోకులు నాకు తిరిగొస్తాయి. పాట ఆగిపోతుంది.

"అత్తని పిలవనా," అంది మెల్లగా.

"ఉండనీవే. నా దగ్గరే ఉండనీ."

అది మీట కట్టేసింది. మర్నాడు రాగితీగ విప్పేసి, బూర నాకిచ్చేసింది. దాన్ని మళ్లీ వెదురుబొంగుకి కట్టాను. గొయ్యి పూడ్చేశాను.

కానీ దించిన గోల దించినట్టే ఉండదు కదా. పాలు రోజూ పొంగుతాయి, మినప్పప్పు రోజూ నానుతుంది. కొత్తది ఊరుతుంది. యంత్రం లేదు. అందుకని ఒకరోజు పొద్దున్నే లేచి, పాలపాకెట్లు నేనే తెచ్చి, మోటారు నేనే వేసి, పప్పు కడిగి గ్రైండర్లో వేశాను. అచ్చియ్యమ్మ లేచి వచ్చి వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

పెరట్లో పీట వేశానని, అక్కడ కాసేపు కళ్లు మూసుకుని కూర్చోమని, ఎవరొచ్చినా నేను చూసుకుంటానని చెప్పాను.

"ఏంటండీ ఈ కొత్త వేషం," అంది. "పీట కింద ఏం పెట్టారు."

"ఏం పెట్టలేదే."

"మీరు ఏం పెట్టలేదంటేనే నాకు భయం."

పీట ఎత్తి చూసింది, తిరగేసి చూసింది, తట్టి చూసింది. ఆ తరవాత కూర్చుంది. ఒక కన్ను మూసుకుంది. రెండోది నా మీదే పెట్టుకుంది. ఇన్నేళ్లు రబ్బరు బల్లులతో కాపురం చేసిన మనిషి, రెండు కళ్లూ ఒకేసారి ఎలా మూస్తుంది.

మర్నాడూ ఒక కన్నే. ఆ వారమంతా ఒక కన్నే. బల్లిని నేనే తీసుకెళ్లి ఆవిడ చూస్తుండగా వీధి చివర కాలవలో పారేశాను. ఇంకోటి కొన్నారేమోనంది. షాపులో కూడా జనం అడుగుతున్నారు, నూకరాజు తగ్గాడేంటని. తగ్గలేదు, మైకులో ఏదో ఒకటి అంటూనే ఉన్నాను. కాకపోతే అనేముందు ఇప్పుడు నాకు రెండు చోట్ల నుంచి వినపడుతుంది. ఒకటి మైకు దగ్గర, రెండోది వంటింటి కిటికీ దగ్గర. రెండుచోట్లా నవ్వొచ్చేది దొరకాలంటే కాస్త టైం పడుతుంది.

ఇవాళ పొద్దున్న గ్రైండరు మొరాయించింది. పిండి చేత్తోనే కలుపుతున్నాను, మణికట్టుదాకా అంటుకుంది. షాపు ఫోను మోగుతోంది. పాలు అంచుదాకా వచ్చాయి. స్టవ్వు మోచేత్తో కట్టి, ఫోనుని మోచేత్తోనే బియ్యం డబ్బాలోకి తోసి మూతేసి, పెరట్లోకి తొంగిచూశాను.

అచ్చియ్యమ్మ రెండు కళ్లూ మూసుకుంది.

చేతులు ఒళ్లో వెల్లకిలా పడున్నాయి. నుదుటి మీద ఎప్పుడూ ఉండే మడత లేదు. పెదాల చివర చిన్న నవ్వు ఉంది. నేను ఇన్నేళ్లు ఊరందరినీ నవ్వించి తెప్పించలేనిది అది. నా మీద నవ్వు కాదు, నా కోసమూ కాదు. ఎక్కడికో వెళ్లింది. అక్కడ ఏదో బాగుంది. అక్కడ నేను లేను.

గుండెల కింద మండింది. ఆవిడ దగ్గర నుంచి నాలోకి దిగినది ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, రోజూ దానితోనే గడ్డం గీసుకుంటున్నాను. ఇది అది కాదు. ఇది ఏ తీగ వెంటా రాలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అచ్చంగా నాకు పుట్టిన అసూయ.

గుమ్మంలో నిలబడి ఆవిడ కళ్లు తెరిచేదాకా చూద్దామనుకున్నాను. పిండి ఆరిపోతోంది. వెళ్లి కలిపాను, చప్పుడు కాకుండా.